దొంగ జేబుల కోటు

దర్జీ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి నేను. ఏటేటా పొట్ట పెరుగుతున్నా పాత కొలతలే ఖాయం చేయమని గదమాయించే ఆఫీసర్లకు ప్యాంట్లు కుట్టాను. పెళ్లి రేపనగా వచ్చి భుజం దగ్గర పట్టేస్తోందని గోలపెట్టిన వాళ్లకు కుట్లు విప్పి మళ్లీ వేశాను. వాళ్లెవరితోనూ నాకు ఇబ్బంది లేదు. తలప్రాణం తోకకు తెచ్చింది మా బావ కోటు ఒక్కటే.

పైకి అది మామూలు నల్లకోటు. తిరగేసి చూస్తే అన్నీ దొంగ జేబులే. ఎడమవైపు లైనింగులో, చెయ్యి కిందికి వేలాడేస్తే వేళ్లు తగిలే ఎత్తులో, పెద్ద జేబు ఒకటి ఉండాలి. దాని నోరు ఎప్పుడూ తెరుచుకునే ఉండాలి, కానీ బయటికి ఉబ్బుగా కనపడకూడదు. అందుకని అంచు లోపల సన్నటి తీగ పెట్టి కుట్టాలి. ఇంకోవైపు వీపు మీదుగా కుడిచేతి లోపలికి ఒక ఎలాస్టిక్ తాడు, దాని కొసన చిన్న క్లిప్పు. మోచెయ్యి కాస్త చాచి వదిలితే క్లిప్పుకు తగిలించిన వస్తువు సర్రున కోటు చేతిలోకి దూరిపోతుంది. తాడు కాస్త వదులైతే వస్తువు మణికట్టు దగ్గరే వేలాడుతుంది, కాస్త బిగువైతే సమయం రాకముందే వేళ్లలోంచి ఊడబెరుక్కుని పోతుంది. ఆ బిగువు కుదిరేదాకా బావ నా షాపులో నిలువుటద్దం ముందు నిలబడి చెయ్యి చాచడం, ముడవడం, మళ్లీ చాచడం. వచ్చిన గిరాకీ గుమ్మంలోనే ఆగిపోయి వినోదం చూసేది.

"ఇంకెంతసేపు బావా, నా పొట్ట కొడుతున్నావు" అంటే, "కుట్టడం రాదని ఒప్పేసుకో, ఇప్పుడే వెళ్లిపోతా" అనేవాడు.

అందరూ ఆయన్ని గుప్పిట మాస్టారు అని పిలిచేవాళ్లు. మనుషుల్ని పెట్టెల్లో పెట్టి కొయ్యడాలు, పావురాల్ని ఎగరెయ్యడాలు ఆయన దగ్గర లేవు. గుండీ, తాళంచెవి, చెంచా, సుద్దముక్క, ఉంగరం. గుప్పిట్లో పట్టేవి మాత్రమే మాయం చేసేవాడు. "పెద్ద వస్తువును మాయం చెయ్యాలంటే లారీ కావాలి, గుండీకైతే చెయ్యి చాలు" అనేవాడు. లారీ కొనే తాహతు లేదన్న సంగతిని అంత గొప్పగా చెప్పుకోగలిగిన మనిషి ఇంకొకడు నాకు తగల్లేదు. బడుల్లో ఆడాడు, ఫ్యాక్టరీల వార్షికోత్సవాల్లో ఆడాడు, హోటళ్లలో భోంచేస్తున్నవాళ్ల బల్లల మధ్య తిరుగుతూ ఆడాడు. తినేవాళ్ల ముందు నిలబడి వాళ్లను నవ్వించడం సుఖమైన పని కాదు. ఇంటికొచ్చేసరికి పాదాలు వాచిపోయి ఉండేవి. అలా ఆడుతూ ఆడుతూనే ముసలివాడయ్యాడు.

ఈ కనికట్టు కిటుకు జేబుల్లో లేదని నాకు ఒకసారి చెప్పాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తుంటే ఎదురుగా కూర్చుని, గుండీ ఒకటి తీసి కుడిచేత్తో పట్టుకుని ఎడమచేతిలో వేసి మూశాడు. ఎడమ గుప్పిట వంకే చూశాడు. నేనూ దాన్నే చూశాను.

"ఇప్పుడు నువ్వు గుప్పిట తెరిస్తే ఏమవుతుందా అని చూస్తున్నావు. ఇందులో ఏమీ లేదురా. ఎడమచేతిలో వేసినట్టు వేశానే, అప్పుడే పనైపోయింది. గుండీ ఇంకా కుడి అరచేతిలోనే ఉంది, బొటనవేలి కింద కండ పట్టుకుని ఉంది. ఆ తర్వాత ఊదడం, మంత్రం చదవడం, గుప్పిట తెరవడం, అదంతా ఉత్త కాలక్షేపం. జనం చూడ్డం మొదలెట్టేసరికే వస్తువు పోయి ఉంటుంది."

గుండీ దాచుకున్న చెయ్యి ఏమీ లేని చెయ్యిలా వేలాడాలి. అదే అన్నిటికన్నా కష్టమట. ఆ అలవాటు చేసుకోవడానికి బావ మెలకువగా ఉన్నంతసేపూ కుడి అరచేతిలో ఏదో ఒకటి పెట్టుకునే తిరిగేవాడు. టీ తాగుతున్నా, పేపరు తిరగేస్తున్నా, నాతో తగువు పెట్టుకుంటున్నా, ఆ చేతిలో ఒక గుండీయో గవ్వో ఉండేది. కునుకు తీసినప్పుడు కూడా ఆ వేళ్లు పూర్తిగా విప్పుకునేవి కావు.

ఇంకో కిటుకు జత. మాయమైన తాళంచెవి ఎదుటివాడి జేబులోంచి వచ్చిందంటే, అది ముందే అక్కడ చేరిన రెండో తాళంచెవి. ఆ రెండూ కలిపి ఒకేసారి ఎవరి కంటా పడకూడదు. పడితే ఇక మూటా ముల్లె సర్దుకోవడమే.

స్టేజీ మీద పళ్లెం పట్టుకుని నిలబడేది మా అక్క. ఆవిడ పని ఆశ్చర్యపోవడం. ప్రతి గుండీ ఎక్కడికి పోయిందో ఆవిడకు తెలుసు, అయినా మొదటిసారి చూస్తున్నట్టు కళ్లింత చేసుకునేది. అంతకన్నా పెద్ద పని ఇంకోటి ఉండేది. ఎంత చెయ్యి తిరిగినవాడికైనా ఒక్కోసారి వస్తువు జారుతుంది. అది కిందపడ్డ చప్పుడు జనం చెవిన పడేలోపే అక్క ఒక అడుగు ముందుకు వేసేది. పొడుగాటి గౌను అంచు దాని మీద పడేది. తలెత్తి జనం వంక చూసేది, వాళ్లు ఆ కళ్లనే చూసేవాళ్లు. గారడీలో బావకన్నా అక్కే గట్టిదని నా అభిప్రాయం. తోబుట్టువని అనడం లేదు.

బావ చేతివాటం ఇంట్లోనూ ఊరుకునేది కాదు. అక్క తల దువ్వుకుంటూ దువ్వెన పక్కన పెడితే, మళ్లీ చూసేసరికి దువ్వెన ఉండదు. కూర కలిపి చెంచా పక్కన పెడితే చెంచా ఉండదు. అక్క వెతికేది కాదు. తల కూడా తిప్పకుండా చెయ్యి చాపేది. "ఇచ్చెయ్యండి." వస్తువు వచ్చి అరచేతిలో పడేది. నవ్వులూ బతిమాలడాలూ ఏమీ ఉండేవి కావు, ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లు. ఆ మొగుడూ పెళ్లాలు ప్రేమగా మాట్లాడుకోగా నేనెప్పుడూ వినలేదు గానీ ఈ మాట మాత్రం రోజూ వినేవాణ్ణి.

దాంతో ఆ ఇంట్లో ఏది పోయినా నేరం బావ నెత్తినే పడేది. ఆయన ఆట కోసం పక్క ఊరు వెళ్లినప్పుడు ఒకసారి బీరువా తాళం కనపడలేదు. అక్క అక్కడికి ఫోన్ చేసి మరీ "ఇచ్చెయ్యండి" అంది. తాళం బీరువాకే వేలాడుతోంది. మా మేనకోడలు చిన్నప్పుడు లెక్కల్లో మార్కులు తగ్గితే, నాన్న దాచేశాడని బడిలో చెప్పి వచ్చింది. వాళ్లకు ఒక్కతే కూతురు. ఇప్పుడు రక్తపరీక్షలు చేసే ల్యాబులో ఉద్యోగం చేస్తోంది, పక్కవీధిలోనే కాపురం.

వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి గుండీలు జారడం ఎక్కువయ్యాక బావ ఆటలు మానేశాడు. కోటు బీరువాలోకి పోయింది. ఇక కాళ్లు చాపుకుని కూర్చుంటానన్నాడు. కూర్చోవడం ఆయన నుదుట రాసిపెట్టి లేదు.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అక్క కళ్లద్దాలు కనపడలేదు. అలవాటుగా చెయ్యి చాపింది.

"ఇచ్చెయ్యండి."

బావ పేపరులోంచి తల ఎత్తాడు. "నేను తియ్యలేదే."

"చాల్లెండి వేషాలు. ఇచ్చెయ్యండి."

"నిజంగానే తియ్యలేదు. నీ మీద ఒట్టు."

అక్క ఆయన మొహంలోకి చూసింది. అబద్ధమాడేటప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో ఆవిడకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇది ఆ మొహం కాదు. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది.

"మరి నిన్న తాళాలు? పొద్దున చెంచాలు?"

అవీ తను కాదన్నట్టు బావ తల అడ్డంగా ఊపాడు.

"మీరు కాకపోతే మరెవరు తీస్తున్నారండీ?"

మా అక్క దేనికీ జంకే మనిషి కాదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవరో పరాయివాడు ఇంట్లో దూరినట్టు గది మూలమూలకూ కలయజూసింది.

బావ పేపరు మడిచి పక్కన పెట్టాడు. "సరేలే, నేనే తీశా. ఎంతసేపటికి కనిపెడతావో చూద్దామని. కూర్చో, తెస్తాను" అన్నాడు. వెళ్లి ఇల్లంతా గాలించాడు. కళ్లద్దాలు పంచదార డబ్బాలో దొరికాయి. చొక్కాకు తుడిచి, వెనకనుంచి వచ్చి, అక్క చెవి పక్కనుంచి తీసినట్టుగా తీసి చేతిలో పెట్టాడు.

"ముసలితనం వచ్చినా మీ బుద్ధి పోలేదు" అని తిట్టింది అక్క. ఆ తిట్టులో ఎంత ఊరట ఉందో నేను విన్నాను. బావ కూడా విన్నాడు.

అప్పటినుంచి ఆయనకు ఒకటే పని. ఇంట్లో పోయేవన్నీ తన చేతిలోంచే పోతున్నాయని అక్క నమ్మాలి. ఆవిడ తలలోంచి పోతున్నాయని ఆవిడకు తెలియకూడదు.

డాక్టరుకు చూపించలేదనుకునేరు. చూపించాం. ఆయన బావను విడిగా కూర్చోబెట్టి, ఇది మరుపు జబ్బు అన్నాడు, మందులు కొంత నెమ్మదింపజేస్తాయి గానీ ఆపలేవన్నాడు. ఎప్పుడు మొదలై ఉంటుందని అడిగితే, మీరు గమనించడానికి చాలాముందే మొదలై ఉంటుందన్నాడు. బస్సులో తిరిగొస్తున్నంతసేపూ బావ కిటికీలోంచి బయటికే చూశాడు. అక్క మాత్రం టికెట్టు ఎక్కడ దాచారని ఆయన్ని పోరుపెడుతూనే ఉంది.

కొద్దిరోజులకు బావ ఆ కోటు చంకలో పెట్టుకుని షాపుకొచ్చాడు.

"దీనికి ఇంకా జేబులు కావాలి."

"ఈ వయసులో ఏ సర్కసులో చేరుతున్నావు?" అన్నాను.

నవ్వలేదు. సంచి తీసి కత్తిరింపుల బల్ల మీద బోర్లించాడు. దువ్వెన, కళ్లద్దాలు, బీరువా తాళంచెవి, గోళ్లు తీసుకునేది, చిన్న చెంచా, జుట్టుకు పెట్టుకునే క్లిప్పులు. అన్నీ అక్కవాటికి జతలే. దువ్వెన కొత్తగా కనపడుతుందని పళ్ల దగ్గర గీకి, దానికి కాస్త నూనె కూడా రాశాడు.

"నేను వెతికేలోపు మీ అక్క భయపడిపోతోందిరా. చెయ్యి చాపిన వెంటనే పడాలి" అన్నాడు.

లైనింగు విప్పి కుట్టాను.

ఎండాకాలంలో కూడా ఇంట్లో ఆ కోటు వేసుకునే కూర్చునేవాడు. చూసినవాళ్లు మతి పోయింది అక్కకు కాదు, ఈయనకే అనుకునేవాళ్లు. మధ్యాహ్నం అక్క నడుం వాల్చాక అసలు పని మొదలయ్యేది. మంచం కింద, చెప్పుల్లో, దిండు గలీబుల్లో, బియ్యంలో, ఆఖరికి చెత్తబుట్టలో కూడా చెయ్యి పెట్టి వెతికేవాడు. దొరికినవి కడిగి తుడిచి జేబుల్లో వేసుకునేవాడు. ఏది ఏ జేబులో ఉందో గుర్తుపెట్టుకోవాలి. ఆవిడ మరుపును కాయడానికి ఈయన జ్ఞాపకం అరిగిపోతోంది. అక్క లేచి కూర్చుని చెయ్యి చాపగానే, ఏమీ జరగనట్టు కుర్చీలో ఉండాలి. అప్పుడప్పుడు నన్ను అక్క దగ్గర కూర్చోబెట్టి తను షాపుకు వెళ్లి నా బల్ల మీద ముడుచుకుని పడుకునేవాడు. కోటు విప్పి పడుకోమంటే వినేవాడు కాదు.

"స్టేజీ మీదైతే కాసేపటికి తెర దించేవాళ్లురా" అన్నాడు ఒకసారి. "ఇక్కడ దించేవాళ్లు లేరు."

మేనకోడలికి ఇదంతా నచ్చలేదు. ఒక సాయంత్రం నా షాపులోనే తండ్రిని నిలబెట్టి అడిగింది.

"నాన్నా, అమ్మకి చెప్పాలి. తనకి ఏమవుతోందో తనకి తెలియొద్దా?"

"తెలిసి ఏం చేస్తుందమ్మా?"

"ఏం చేస్తుందో అది తనిష్టం. గుర్తు రాకపోతే మనల్ని అడుగుతుంది. నువ్వు ఈ ఆటలాడి తనకి అడిగే దారి కూడా లేకుండా చేస్తున్నావు."

"ఆ రోజు మీ అమ్మ మొహం నువ్వు చూళ్లేదు."

"నీ మొహం నువ్వు చూసుకున్నావా? అదిగో అద్దం, చూసుకో. మామయ్యా, నువ్వైనా చెప్పు."

నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది. ఇద్దరూ చెప్పేది నిజమే, అదే నా మంట. ఇద్దరికీ టీ తెప్పించాను.

ఆ తర్వాత జరిగింది మేనకోడలికీ తెలియదు, బావకూ తెలియదు. ఒక పొద్దున వాళ్లింటికి వెళ్లాను. అక్క దువ్వెన కోసం చెయ్యి చాపింది, బావ కోటులోంచి తీసి ఇచ్చాడు, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. అక్క కూర్చున్నచోట ఏదో గుచ్చుకుంటోందని సర్దుకుంటూ దిండు కింద చెయ్యి పెట్టింది. రెండో దువ్వెన బయటికొచ్చింది. రెండు దువ్వెనలూ ఒళ్లో పక్కపక్కనే ఉన్నాయి.

బావ కప్పులు పట్టుకుని వస్తున్న చప్పుడు వినపడుతోంది. అక్క ఒకదాన్ని చూసింది, ఇంకోదాన్ని చూసింది. ఒకటి తీసి తొడ కింద పెట్టుకుంది, దాని మీదికి గౌను అంచు లాక్కుంది. బావ గుమ్మంలోకి వచ్చేసరికి తలెత్తి, కళ్లింత చేసుకుని, "టీలో పంచదార వేశారా, మర్చిపోయారా?" అంది.

బావ తన కప్పు తెచ్చుకోవడానికి మళ్లీ లోపలికి వెళ్లాడు.

"అక్కా" అన్నాను.

"అరవకు. స్టేజీ మీద ఆయన చెయ్యి జారితే కప్పేది ఎవర్రా?"

"అంటే నీకు తెలుసా?"

"ఒక్కోసారి తెలుస్తుంది. ఒక్కోసారి తెలీదు. తెలీనప్పుడు నిజంగా ఆయనే తీశారనుకుంటా. అప్పుడు హాయిగా ఉంటుంది." దువ్వెన పళ్ల మీద వేలు పెట్టి గీస్తూ కూర్చుంది. "ఆయనకి చెప్పకురా. నేను భయపడట్లేదనుకుంటేనే ఆ మనిషికి కాస్త కునుకు పడుతుంది."

నేను తల ఊపాను.

"నా గౌనుకి కూడా ఒక దొంగ జేబు కుట్టిపెట్టు" అంది. "లోపల్నుంచి. గుండీ పెట్టు, నేను జారవిడుచుకుంటాను. ఇలా రెండోది దొరికితే వేసుకోడానికి."

ఆవిడ గౌనులన్నిటికీ కుట్టాను. గుండీ పెద్దది పెట్టాను, వేళ్లకు తేలిగ్గా దొరకాలని. మొగుడికి తెలియకుండా పెళ్లానికీ, పెళ్లానికి తెలియకుండా మొగుడికీ జేబులు కుట్టిన దర్జీని నేను. వెళ్లినప్పుడల్లా అక్క జేబులో పోగైనవి తీసి, మంచం కింద దొరికాయని చెప్పి బావకు ఇచ్చేవాణ్ణి. బావ వాటిని కోటులో వేసుకునేవాడు. అవే మళ్లీ అక్క చేతికి వెళ్లేవి. ఎవరితో చెప్పినా ఒకరి ఆట చెడుతుంది. మనసులో ఇద్దరి గుట్టూ పెట్టుకుని కుట్టుమిషను తొక్కుతుంటే ప్రాణం ఉసూరుమనేది.

నెలలు గడిచాయి. అక్కకు తెలిసే రోజులు తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు ఆ జేబు గుండీ తీస్తూ, పెడుతూ, "ఇది ఎవరు కుట్టారో గానీ పనిమంతుడు" అంది నాతో. ఆ మెప్పు కోసం చిన్నప్పటినుంచీ ఎదురుచూశాను. ఇలా వస్తుందనుకోలేదు. టేపు మెళ్లో వేసుకుని వచ్చేశాను.

తర్వాత ఒకరోజు బావ ఒళ్లు మొరాయించింది. మంచం కింద చెంచా కోసం దూరినవాడు బయటికి రాలేక అక్కడే ఉండిపోయాడు. మేనకోడలు వచ్చి చూసేసరికి తండ్రి కాళ్లు మంచం బయట, మిగతా మనిషి లోపల, అలాగే నిద్రపోతున్నాడు. అక్క పక్కన నేల మీద కూర్చుని, ఆయన కాలు నిమురుతూ ఉంది.

"ఇక చాలు. ఆదివారం వచ్చి అమ్మకి నేనే చెప్తాను" అంది మేనకోడలు.

ఈసారి బావ వాదించలేదు. "చెప్పమ్మా. నాకిక ఓపిక లేదు" అన్నాడు. కోటు విప్పి గోడకున్న కొక్కేనికి తగిలించాడు. అది గోడమీద కూడా బరువుగానే వేలాడింది.

ఆదివారం నన్నూ రమ్మన్నారు. అక్క కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. బావ చొక్కాతో, ఎదురుగా. కోటు లేకుండా ఆయన సగమై కనపడ్డాడు. మేనకోడలు వచ్చింది. రాత్రంతా మాటలు కూడబలుక్కున్న దానిలా ఉంది. భుజాన సంచి కూడా దించకుండా తల్లి ఎదుట నిలబడింది.

"అమ్మా, నీతో ఒకటి మాట్లాడాలి."

అక్క తలెత్తి చూసింది. మొహం వికసించింది. "వచ్చావా, రా..." అంది. అని ఆగింది. పేరు పెట్టి పిలవడానికి నోరు తెరిచింది, పేరు రాలేదు. "రా" అంది మళ్లీ. పెదాలు కదిలాయి. కూతురని తెలుస్తోంది, ఆ చూపులో తెలుస్తూనే ఉంది. పేరు మాత్రం లేదు. అక్క కళ్లు గది మూలలకు పోయాయి. అదే మొహం. కళ్లద్దాలు పోయిన రోజు మేం చూసి, మేనకోడలు చూడని మొహం. ఇప్పుడు మేనకోడలూ చూసింది. భుజం మీది సంచి జారి కిందపడింది, తీసుకోలేదు.

అంతలో అక్క బావ వైపు తిరిగింది. చెయ్యి చాపింది.

"ఏవండీ, ఇదేం బాగాలేదు. వస్తువులంటే సరే. దీని పేరు కూడా దాచేస్తారా? ఇచ్చెయ్యండి."

బావ లేచి నిలబడ్డాడు. చేతులు రెండూ చూసుకున్నాడు. జేబుల్లేవు, జతలు లేవు. అన్నీ తన మీద వేసుకున్న మనిషి, ఇది కూడా తనే తీశానని అనగలడు. కానీ కూతురు ఎదురుగా ఉంది, నిజం చెప్పడానికి వచ్చింది, చెప్పమని తనే అన్నాడు. ఆమె వంక చూశాడు.

మేనకోడలు ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇచ్చెయ్ నాన్నా" అంది. "అమ్మ అడుగుతోంది కదా."

అడిగే దారి లేకుండా చేశావని తండ్రిని నిలదీసిన పిల్ల. వాళ్లమ్మకు మిగిలిన దారి ఇదొక్కటేనని ఆ నిమిషంలో దానికి తెలిసింది, నాకూ తెలిసింది.

బావ కుడిచెయ్యి తెరిచి చూపించాడు. ఎడమచేతిలో వేసినట్టు వేసి మూశాడు. వేళ్లు సరిగ్గా ముడుచుకోలేదు. ఎడమ గుప్పిట వంక చూశాడు. అక్క అదే చూసింది, మేమూ అదే చూశాం. గుప్పిట మీద ఊదాడు. దాన్ని అక్క చెవి దగ్గరికి తీసుకెళ్లి తెరిచాడు, వంగి ఆ చెవిలో కూతురి పేరు చెప్పాడు.

అక్క ఆ పేరు పైకి అంది. ఇంకోసారి అంది. పోయి దొరికిన వస్తువు మనదో కాదో తిప్పి చూసుకున్నట్టు, మెల్లగా అంది.

"ఆఁ అమ్మా" అని పలికింది మేనకోడలు.

"ఈసారి మీకు దొరకనివ్వను" అంది అక్క బావతో. గుప్పిట మూసింది. ఆ గుప్పిట గౌను లోపలికి పోనిచ్చి, నేను కుట్టిన జేబులో పెట్టి, ఖాళీ చెయ్యి బయటికి తీసింది. గుండీ పెట్టుకుంది. పైనుంచి తడిమి చూసుకుంది. తర్వాత కూతురి వైపు తిరిగింది.

"ఏదో మాట్లాడాలన్నావు?"

"ఏం లేదమ్మా" అంది మేనకోడలు.

గోడ దగ్గరికి వెళ్లి కొక్కెం మీంచి కోటు దించింది. బరువుకు చెయ్యి ఒక్కసారి కిందికి వాలింది. దులిపి తనే తొడుక్కుంది. భుజాలు జారిపోయాయి, చేతులు వేళ్లను దాటి వేలాడాయి.

"మామయ్యా, దీన్ని నా కొలతకి తగ్గించు" అంది. "ఉద్యోగానికి సెలవు పెట్టొస్తాను. ఏ జేబులో ఏముందో నాన్న లేచాక చెప్తాడు."

అప్పుడు చూశాను. బావ కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోయాడు. నేను మెళ్లోంచి టేపు తీసి మేనకోడలి భుజం కొలత తీసుకున్నాను. బావ కుడిచెయ్యి కుర్చీ పక్కకు వేలాడుతోంది. వేళ్లు పూర్తిగా విప్పుకుని ఉన్నాయి. అందులో ఏమీ లేదు.